వంక దాటే ఫైబర్ వంతెన: తేలికపాటి కాంపోజిట్ నిర్మాణాలు మన దగ్గర ఎక్కడ మొదలుపెట్టాలి?

రేణిగుంట_ఫైబర్

అందరికీ నమస్కారం. రేణిగుంట పక్కన మాకు ఫైబర్ వర్క్‌షాప్ ఉంది. నీళ్ల ట్యాంకులు, బాత్రూం తలుపులు, ఉత్సవాలకు స్వాగత తోరణాలు చేస్తాం. మౌల్డు మీద గాజు నార మ్యాట్ పరిచి బ్రష్షుతో రెజిన్ (గట్టిపడే జిగురు) పట్టించే చేతిపనే అంతా. ఇట్లా నార, రెజిన్ కలిసినదాన్నే కాంపోజిట్ అంటారు. ఇన్నేళ్లు తోరణాలే చేశాం, ఇక బరువు మోసే పనుల వైపు పోవాలని గట్టిగా ఉంది.

మూడు ఆలోచనలు ఉన్నాయి. పాత ఇళ్ల మేడ మీద తేలికపాటి గది ఒకటి. ఓవర్‌హెడ్ ట్యాంకు స్టాండు ఒకటి. మూడోది మామిడి తోటల్లో వంక దాటే నడక వంతెన. బంగారుపాళ్యం దగ్గర ఒక రైతు ఈ వంతెన అడుగుతా ఉన్నారు. స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం) 6 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు చాలంట. తోటలోకి క్రేన్ పోదు, గట్టు మీద మనుషులు మోసుకుపోవాల్సిందే.

ఇనుము బరువులో ఫైబర్ నాలుగో వంతే కదా. వంతెన కూడా నాలుగో వంతు బరువుకే వస్తుందా? లెక్క తెలిసిన వాళ్లు చెప్పండి.

సుధ_స్ట్రక్చరల్ (తిరుపతి)

అన్నా, రాదు. ఎందుకు రాదో మీ వంతెన మీదే లెక్క వేసి చూపిస్తా.

సాంద్రత సంగతి మీరన్నట్టే: ఇనుము ఘనపు మీటరుకు 7850 కిలోలు, గ్లాస్ ఫైబర్ కాంపోజిట్ సుమారు 1900. బలానికీ లోటు లేదు. ఇబ్బందల్లా వంగడం దగ్గర. ఇనుము ఎలాస్టిక్ మాడ్యులస్, అంటే వంగకుండా నిలిచే బిగువు, 200 గిగాపాస్కల్. పల్ట్రూషన్‌లో (రెజిన్‌లో తడిపిన నారను అచ్చులోంచి లాగే పద్ధతి) తీసిన ఫైబర్ సెక్షన్లకు యూరోపు ప్రమాణం ఈఎన్ 13706లో రెండు గ్రేడులున్నాయి, 17 ఒకటి, 23 ఒకటి, ఆ అంకెలే గిగాపాస్కల్‌లో మాడ్యులస్. మంచి గ్రేడు తీసుకున్నా ఇనుములో తొమ్మిదో వంతుకే వస్తాం. చేత్తో వేసే మ్యాట్‌లో ఫైబర్ బరువులో 30 శాతం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మాడ్యులస్ 7, 8 కంటే పెరగదు.

నడక వంతెనకు చదరపు మీటరుకు 500 కిలోల జనం బరువు అనుకుందాం. రెండు దూలాలు, ఒక్కోదాని మీద మీటరుకు 300 కిలోలు. వంగుడు 20 మి.మీ. దాటకూడదని పెట్టుకున్నా, అంటే స్పానులో 300వ వంతు. ఇనుమైతే ఐఎస్ఎంబీ 175 (175 మి.మీ. ఎత్తున్న ఐ ఆకారపు దూలం) సరిగ్గా సరిపోతుంది, మీటరుకు 19.3 కిలోలు. అదే ఆకారం ఫైబర్‌లో కావాలంటే సుమారు 305 మి.మీ. ఎత్తు, 152 వెడల్పు, 12.7 మందం ఉన్న ఐ సెక్షన్ పట్టుకోవాలి. దాని బరువు మీటరుకు 14 కిలోలు! నాలుగో వంతు అనుకున్నది దాదాపు ముప్పాతిక దగ్గర తేలింది. షియర్ (పొరలు ఒకదాని మీద ఒకటి జరగడం) వల్ల ఇంకో మిల్లీమీటరు పైగా వంగుతుంది, ఇనుములో మనం పట్టించుకోని భాగం అది.

ఇనుము ఆకారాన్ని ఫైబర్‌లో కాపీ కొడితే వచ్చేది ఇదే.

బంగారుపాళ్యం_తోట

ఆ వంతెన అడిగిన రైతుని నేనే సార్. వంకలో మామూలుగా నీళ్లుండవు, మోకాలి లోతు కూడా రాదు. కార్తీకంలో వానలు పట్టినాయంటే మాత్రం ఒక్క రాత్రిలో గట్టు దాకా వస్తుంది. 2021 నవంబరులో ఇట్లే వచ్చింది. స్వర్ణముఖి పొంగి తిరుచానూరు పక్కన ఇల్లు కూలిపోయిండేది అందరూ చూసినారు కదా, అప్పుడే మా తాటి దుంగల వంతెన కూడా కొట్టుకుపోయింది. ఇనుపది వేసుకోమని ఊళ్లో అందరూ చెప్తా ఉండారు. ఇనుప దూలం ఆ గట్టు మీద మోసేదెట్లా? ఇంకో మాట. మనుషులే కాదు, కాయల క్రేట్లు కట్టుకొని టీవీఎస్ ఎక్సెల్ కూడా పోతుంది దాని మీద. పోవద్దంటే ఎవురూ వినరు.

రిటైర్డ్_డీఈ_చిత్తూరు

సుధమ్మ లెక్క సరిగ్గా ఉంది. దాని మీద నాదొక మాట. దూలం కింద పెట్టి, దాని మీద నడిచి, రెయిలింగ్ వేరేగా బిగించడం ఎందుకు? రెయిలింగ్ ఎత్తు ఎటూ 1.1 మీటరు ఉండాలి. ఆ రెయిలింగ్‌నే ట్రస్సు చేయండి. పై కడ్డీ, కింది కడ్డీ, మధ్యలో నిలువులు, వాలు కడ్డీలు. మనిషి రెండు ట్రస్సుల నడుమ నడుస్తాడు. పాత ఇనుప వంతెనలు చాలా ఇట్లాంటివే, మాడ్యులస్ తక్కువైన సరుకుకు ఈ పద్ధతి ఇంకా బాగా కుదురుతుంది. సరుకులో లేని బిగువును ఎత్తుతో రాబట్టుకోవచ్చు.

50 మి.మీ. బాక్సు, 6 మి.మీ. మందం తీసుకుంటే అడ్డకోత వైశాల్యం 1056 చదరపు మి.మీ. సుధమ్మా, ఆ కొలతలతో ఒకసారి వేసి చూడు.

సుధ_స్ట్రక్చరల్ (తిరుపతి)

వేశాను సార్, చాలా బాగుంది. 1.1 మీటరు ఎత్తులో కడ్డీల బిగువొక్కటే చూస్తే కావలసినదానికి దాదాపు ఆరు రెట్లు వచ్చింది. వాలు కడ్డీల సాగుడు, జాయింట్లలో జారుడు తీసేసినా బోలెడు మిగులుతుంది. కడ్డీలో పడే బలం 1230 కిలోలు, ఒత్తిడి 12 మెగాపాస్కల్ లోపే. 23 గ్రేడుకు పొడవు దిశలో తన్యత బలం కనీసం 240 ఉండాలని ప్రమాణం.

బరువు చూడండి: ఒక పక్క ట్రస్సు కడ్డీలన్నీ కలిపి 60 కిలోల లోపే వస్తోంది. ఇద్దరు భుజాన పెట్టుకుని గట్టు మీద నడిచిపోవచ్చు. ఐఎస్ఎంబీ 175 దూలం ఒక్కటే 116 కిలోలు.

మోపెడ్ సంగతి చెప్పడం మంచిదైంది అన్నా. క్రేట్లతో, మనిషితో కలిపి 300 కిలోలు ఒకే చోట పడుతుందని అడ్డ దూలాలు, గ్రేటింగ్ (నడిచే జాలీ పలక) విడిగా చెక్ చేస్తాను. మీటరుకొక అడ్డ దూలం పెడదాం. రెండు చివర్లా మధ్యలో ఒక గుంజ పాతండి, ఆటో గానీ మినీ ట్రాక్టరు గానీ ఎక్కకుండా.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పై కడ్డీ నొక్కుడులో ఉంటుంది, పైన పట్టి ఉంచేది ఏమీ లేదు, పక్కకు వాలిపోతుంది. అడ్డ దూలాన్ని బయటికి అర మీటరు పొడిగించి, ఆ కొస నుంచి నిలువు కడ్డీకి ఏటవాలుగా ఆసరా కడ్డీ ఇవ్వాలి.

పుత్తూరు_మేస్త్రి

అందరికీ నమస్తే. నాది వేరే డౌటు. ఇప్పుడు ఫైబర్ కమ్మి అని ఒకటి వచ్చింది, తుప్పు పట్టదు, 12 ఎంఎం కమ్మి మీటరు పావుకిలో కూడా లేదు. మాకు సైటు కాడికి తెచ్చి చూపించినారు. ఇంటి స్లాబుకి వెయ్యచ్చునా? ఓనరు అదే కావల్లంటా ఉండాడు.

సుధ_స్ట్రక్చరల్ (తిరుపతి)

మేస్త్రి గారూ, ఆ కమ్మికి భారతీయ ప్రమాణం వచ్చింది, ఐఎస్ 18256, 2023లో. కాబట్టి మోసం సరుకేం కాదు. లాగి చూస్తే ఇనుము కంటే ఎక్కువే తట్టుకుంటుంది. కానీ మూడు తేడాలు మీ ఓనరుకు చెప్పండి.

సైటులో వంచడానికి లేదు. రింగులు, ఎల్ కొక్కేలు ఫ్యాక్టరీలోనే వంచి రావాలి, వంపు దగ్గర బలం బాగా పడిపోతుంది. బిగువు ఇనుములో నాలుగో వంతు దగ్గరే, అంటే ఇనుము తీసి అంతే సైజు ఫైబర్ పెడితే స్లాబు ఎక్కువ వంగుతుంది, పగుళ్లు వెడల్పవుతాయి. అన్నిటికంటే పెద్దది, ఇనుము సాగి హెచ్చరిస్తుంది, ఇది సాగదు, చివరిదాకా తట్టుకుని ఒక్కసారి తెగుతుంది. అందుకే డిజైన్ మొత్తం వేరే పద్ధతిలో చేయాలి, మనం రోజూ వాడే కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 దీనికి పనికిరాదు.

సముద్రం పక్కన గోడలకు, ఉప్పు నీళ్ల ట్యాంకులకు అది చక్కటి సరుకు. పుత్తూరులో పడగ్గది స్లాబుకు ఇనుమే వేయండి, కవర్ సరిగ్గా ఇవ్వండి, క్యూరింగ్ బాగా చేయించండి.

పుత్తూరు_మేస్త్రి

అట్లనే మేడం. వంచేదానికి లేదంటేనే మా వాళ్లు వద్దంటారు.

పల్ప్_మెయింటెనెన్స్

చిత్తూరు పక్కన మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. పేరు వద్దు. ఫైబర్ గ్రేటింగులతో మాకు రోజూ పని కాబట్టి కళ్లారా చూసినవి చెప్తాను.

మా దగ్గర తోతాపురి సీజన్లో ప్లాట్‌ఫారాల మీద పండు రసం, ఆవిరి, కాస్టిక్ కడుగుడు ఆగకుండా ఉంటాయి. ఇనుప గ్రేటింగు ఎంత పెయింటు వేసినా పొరలు పొరలుగా లేచిపోయేది. ఫైబర్ వేశాక ఆ బాధ తీరింది, పైన ఇసుక అద్దిన రకం కావడంతో తడిలో కాళ్లు జారడం కూడా లేదు. కానీ రెండు విషయాలు గమనించాం. గ్రేటింగు బాగానే ఉంది, దాన్ని పట్టి ఉంచే ఇనుప క్లిప్పులు తుప్పు పట్టి ఊడిపోయాయి. ఇప్పుడు అన్నీ స్టెయిన్‌లెస్ 316 వేస్తున్నాం. రెండోది, ఆవిరి పైపు పక్కనున్న ఒక పలక కిందికి కుంగి అట్లాగే నిలిచిపోయింది, బరువు తీసినా లేవలేదు. అదే మందం, అదే కంపెనీ సరుకు, చల్లగా ఉన్న చోట ఏమీ కాలేదు.

నార_రెజిన్

నేను కాంపోజిట్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ కుంగిన పలక ఒక్కటే చాలు, రేణిగుంట అన్న మొదటి పోస్టులోని మూడు ఆలోచనల్లో రెండింటికి జవాబు చెప్పడానికి.

రెజిన్‌కు ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, అది దాటితే గాజులాంటి గట్టిదనం పోయి మెత్తబడుతుంది. మామూలు జీపీ (సాధారణ వాడకం) పాలిస్టర్ రెజిన్ 60, 70 డిగ్రీల దగ్గరే బిగువు కోల్పోవడం మొదలవుతుంది. వినైల్ ఎస్టర్ అనే ఇంకో రెజిన్ 100 దాటి నిలబడుతుంది. మే నెలలో తిరుపతి మేడ మీద ముదురు రంగు షీటు మధ్యాహ్నం 60 దాటడం మామూలే. కాబట్టి ఎండ పడే చోట పెట్టే దేనికైనా రంగు తెలుపు ఉండాలి, రెజిన్ వినైల్ ఎస్టర్ ఉండాలి. ఎండలోని యూవీ కిరణాలకు జెల్ కోట్ (పై రక్షణ పూత) ఎటూ వేస్తారు.

ఇక ట్యాంకు స్టాండు. గాజు నార ఎడతెగని బరువు కింద, తన పూర్తి బలానికి ఎంతో తక్కువలోనే, కాలం గడిచేకొద్దీ తెగిపోగలదు. కాంక్రీటులో వేసే గ్లాస్ ఫైబర్ కమ్మికి అమెరికా కాంక్రీటు సంస్థ ఏసీఐ వాళ్ల 440.1ఆర్ మార్గదర్శకం శాశ్వత ఒత్తిడిని డిజైన్ బలంలో 20 శాతానికి పరిమితం చేసింది కూడా ఇందుకే. వంతెన మీద బరువు వస్తుంది, పోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకు బరువు రాత్రీ పగలూ కదలదు, పైగా ఎండలో. అనుభవం లేకుండా మొదలుపెట్టడానికి అన్నిటికంటే ప్రమాదకరమైన పని అదే. దయచేసి ముందు దాన్ని పక్కన పెట్టండి.

మేడ మీద గదికి మంటల సంగతి అడ్డం వస్తుంది. పాలిస్టర్ అంటుకుంటే నల్లటి దట్టమైన పొగ వస్తుంది. అల్యూమినియం ట్రైహైడ్రేట్ లాంటి ఫిల్లర్లతో మంట వ్యాపించడం తగ్గించవచ్చు, అయినా మనుషులు పడుకునే గదికి పరీక్షలు లేకుండా చేయకూడదు. 1999లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక నిర్మాణ ప్రదర్శన కోసం 15 మీటర్ల ఎత్తు, ఐదంతస్తుల ఫైబర్ ఫ్రేము భవనం నిలబెట్టారు, పేరు ఐక్యాచర్. విప్పి వేరే చోట మళ్లీ కట్టారు కూడా. కానీ దాని వెనక పెద్ద పరిశోధన సంస్థలు ఉన్నాయి.

గది కావాలనే వాళ్లకు ఇంకో దారి ఉంది. జీఎఫ్ఆర్జీ, అంటే గాజు నార కలిపిన జిప్సం పలకలు. ఎరువుల ఫ్యాక్టరీల్లో మిగిలే ఫాస్ఫోజిప్సంతో చేస్తారు. పలక 12 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 124 మి.మీ. మందం, లోపల గుల్లగా ఉంటుంది. బరువు చదరపు మీటరుకు 44 కిలోల దగ్గర. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 400 దాటుతుంది. ఐఐటీ మద్రాసు వాళ్లు దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి 2013లో తమ క్యాంపస్‌లోనే రెండంతస్తుల ఇళ్లు కట్టి చూపించారు. మన నెల్లూరులో కూడా కేంద్ర ప్రభుత్వ నిర్మాణ సామగ్రి సంస్థ బీఎంటీపీసీ వాళ్ల ప్రదర్శన ఇళ్లు దీంతో కట్టినవే. కాకపోతే పలకలు ఎత్తడానికి క్రేన్ కావాలి.

రేణిగుంట_ఫైబర్

అమ్మా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. స్టాండు, గది రెండూ ఆపేస్తున్నా. వంతెన మీదే పడతాం. బాక్సు సెక్షన్లు పల్ట్రూషన్ కంపెనీ దగ్గర కొంటాం, కేబుల్ ట్రేలు, నిచ్చెనలు చేసేవాళ్ల దగ్గర 50 బాక్సు దొరుకుతుంది. మరి మా చేతిపని ఎక్కడ పనికొస్తుంది?

నార_రెజిన్

జాయింట్ల దగ్గర అన్నా! మొత్తం వంతెనలో అతి కష్టమైన భాగం మీదే.

పల్ట్రూషన్‌లో నార దాదాపు అంతా పొడవునా పోతుంది. అడ్డంగా బలం బాగా తక్కువ: ఇందాకటి 23 గ్రేడుకే పొడవునా 240 మెగాపాస్కల్ అడిగితే అడ్డంగా అడిగేది 50. అందుకే బోల్టు రంధ్రం చివరకు దగ్గరగా ఉంటే బోల్టు ముందున్న ముక్క నార వెంబడి చీలి బయటికి వచ్చేస్తుంది. రంధ్రం నుంచి కొస దాకా బోల్టు వ్యాసానికి నాలుగు రెట్లు వదలండి, 12 మి.మీ. బోల్టుకు 48 మి.మీ. ఒక్క బోల్టు వద్దు, వరసలో రెండు.

కడ్డీలన్నిటినీ కలిపే గసెట్ ప్లేట్లు మీరు చేయండి. మ్యాట్ ఒక్కటే వద్దు. నేసిన రోవింగును (గాజు నార బట్ట) 0, 90 డిగ్రీల దిశల్లో ఒక పొర, 45 తిప్పి ఒక పొర, ఇట్లా మార్చి మార్చి 10 మి.మీ. మందం వచ్చేదాకా పేర్చి, వ్యాక్యూమ్ సంచి కింద వినైల్ ఎస్టర్ లాగించండి, దీన్నే ఇన్ఫ్యూజన్ అంటారు. బ్రష్షుతో పట్టిస్తే మిగిలే గాలి బుడగలు ఇందులో ఉండవు, నార శాతం పెరుగుతుంది. బోల్టు బలం ఎటు లాగినా తట్టుకునే పలక వస్తుంది.

బాక్సులో బోల్టు బిగించేటప్పుడు లోపల స్టెయిన్‌లెస్ గొట్టం ముక్క ఒకటి పెట్టండి, బాక్సు లోపలి కొలతకు సరిగ్గా 38 మి.మీ. అది లేకుండా స్పానరు తిప్పితే గోడలు లోపలికి నొక్కుకుని మూలల్లో సన్నటి తెల్ల గీతలు పడతాయి. ఆ గీత కనిపించిందంటే లోపల నార విడిపోయినట్టే, ఆ ముక్క పారేయాల్సిందే. కోసిన ప్రతి కొసకూ, ప్రతి రంధ్రానికీ రెజిన్ పూసి మూయాలి, లేకపోతే నీళ్లు నార వెంట లోపలికి పాకుతాయి. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

మీ కుర్రాళ్లకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను: రెజిన్ గట్టిపడటానికి కలిపే కోబాల్టు, క్యాటలిస్టు నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పోయొద్దు, పేలుతుంది. కోబాల్టు ముందు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్టు. ఎండాకాలం మన వేడికి జెల్ త్వరగా పడుతుంది కాబట్టి ఇన్ఫ్యూజన్ తెల్లవారుజామున పెట్టుకోండి.

జీఐ_పైప్_ఫ్యాన్

అందరూ ఇంత కష్టపడుతున్నారు గానీ, ఇదే ట్రస్సు గాల్వనైజ్డ్ (జీఐ, జింకు పూత వేసిన ఇనుము) పైపుతో చేస్తే అయిపోదా? మన ఊరి వెల్డరే చేస్తాడు. ఖర్చు కూడా తక్కువ.

సుధ_స్ట్రక్చరల్ (తిరుపతి)

న్యాయమైన ప్రశ్న. ఒక్క వంతెనకు, ఒక్కసారికి అయితే జీఐ పైపే చవక. బరువు కూడా మరీ ఎక్కువేం రాదు. గాల్వనైజింగు వెల్డు దగ్గర కాలిపోతుంది, అక్కణ్ణుంచే తుప్పు మొదలవుతుంది, తోటలో ఎవరూ ఏటా పెయింటు వేయరు. అది ఒక కారణం. కానీ నాకు దానికంటే ముఖ్యంగా అనిపించేది వంక నీళ్లు.

స్విట్జర్లాండ్‌లో పాంట్రెసీనా అనే చోట 1997లో ఇట్లాంటి ఫైబర్ ట్రస్సు నడక వంతెన వేశారు, 12.5 మీటర్ల స్పానులు రెండు. మంచు కరిగి ఏరు పొంగే వసంతకాలం రాగానే దాన్ని హెలికాప్టరుతో ఎత్తి పక్కన పెట్టేస్తారు. చలికాలానికి మళ్లీ తెచ్చి వేస్తారు. ఒక స్పాను బోల్టులతో, ఇంకోటి జిగురుతో కలిపారు, రెండు పద్ధతులూ ఎలా నిలబడతాయో చూడటానికి. మన వంకకు హెలికాప్టరు అక్కర్లేదు. ఆశ్వయుజం చివర నలుగురు మనుషులు వచ్చి గ్రేటింగు పలకలు తీసి, బోల్టులు విప్పి, ట్రస్సులు గట్టెక్కించవచ్చు. కుదరని ఏడాదికి ఎగువ వైపు ఒక గొలుసు కట్టి ఉంచాలి.

రిటైర్డ్_డీఈ_చిత్తూరు

ఏటా విప్పేదే అయితే కింది ఆధారం కూడా అట్లాగే ఉండాలి. కాంక్రీటు దిమ్మెలో ట్రస్సును పాతేయొద్దు. ఒక చివర పిన్ను, ఇంకో చివర పొడుగు రంధ్రం, కింద నియోప్రీన్ (రబ్బరు లాంటి) ముక్క. దిమ్మె పునాది గట్టు మట్టిలో కాకుండా వరద కోత పడని లోతుకు పోవాలి, ఇది మేస్త్రి గారి పని. ఇంకో సంగతి, బాక్సు గొట్టాల రెండు చివర్లూ మూసేస్తే లోపల గాలి ఉండి నీళ్లలో తేలడానికి చూస్తుంది. కింద చిన్న రంధ్రాలు వదలండి.

వాడకానికి ఇచ్చే ముందు లోడ్ టెస్టు చేయాల్సిందే. కాంక్రీటుకు ఐఎస్ 456లో చెప్పిన పద్ధతి ఆధారంగా పెట్టుకుందాం: అనుకున్న జనం బరువుకు 1.25 రెట్లు, 24 గంటలు ఉంచి, తీసేశాక 24 గంటల్లో వంగుడులో కనీసం 75 శాతం వెనక్కి రావాలి. మన వంతెనకు 3600 కిలోలకు 4500. యాభై కిలోల ఇసుక సంచులు 90. అయితే ఫైబర్‌కు 75 చాలదు నా దృష్టిలో, ఒత్తిడి ఇంత తక్కువ కాబట్టి 90 పైన వస్తేనే ఒప్పుకుంటా. అంతకంటే తక్కువ వస్తే జాయింట్లు జారుతున్నాయని అర్థం.

పుత్తూరు_మేస్త్రి

దిమ్మెలు నేను కట్టిస్తా సార్, బంగారుపాళ్యం మాకేం దూరం కాదు. టెస్టు తోటలో కాదు, రేణిగుంట షెడ్డు కాడనే పెట్టండి. ఇసుక సంచులు ఆ గట్టు మీద ఎవురు మోస్తారు?

రేణిగుంట_ఫైబర్

షెడ్డులోనే పెడతాం. నేలకు అర మీటరు ఎత్తులో రెండు దిమ్మెల మీద వేసి, కింద చెక్క మొద్దులు పేర్చి ఉంచుతాం, ఏదైనా విరిగినా మనుషుల మీద పడకుండా. ముందు ఒక్క జాయింటే చేసి ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో యూటీఎం (లాగి బలం కొలిచే యంత్రం) మీద లాగిస్తాం. గసెట్‌కు రోవింగు ఆర్డరు ఇచ్చేశా.

సుధమ్మా, అడ్డ దూలం ఆసరా కడ్డీ కొలతలు రెండు రోజుల్లో పంపగలవా? నార_రెజిన్ గారూ, ఇన్ఫ్యూజన్ రోజు మీరు వచ్చి నిలబడితే మా కుర్రాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

సుధ_స్ట్రక్చరల్ (తిరుపతి)

రేపు సాయంత్రానికి పంపిస్తా అన్నా. వంగుడు కొలిచే డయల్ గేజీలు మూడు నా దగ్గరున్నాయి, రెండు మధ్యలో, ఒకటి ఆధారం దగ్గర పెడదాం.

నార_రెజిన్

వస్తాను. లాగిన జాయింటు ముక్క మాత్రం పారేయకండి, ఎక్కడ చీలిందో కోసి చూడాలి.

బంగారుపాళ్యం_తోట

టెస్టు రోజుకి నన్ను పిలవండి సార్. ఎక్సెల్ నేనే తెస్తా, క్రేట్లతో సహా.